పదును వెన్నులో ఉంటుంది

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పోయిన వారానికి ఉద్దానంలో ఏ ఇంటి ముందు చూసినా ట్రంకు పెట్టెలు తెరిచి ఎండలో పెట్టి ఉన్నాయి. పలాస దగ్గర మా బంధువుల ఇంటికి వెళ్ళాను. కూలిన కొబ్బరి చెట్ల మధ్య తడిసిన చీరలు, దస్తావేజులు ఆరబెడుతున్న ఆ ఇంటి పెద్దమ్మ, పెట్టె అడుగునుంచి ఒక తుప్పు ముద్ద తీసి చెత్తలో వెయ్యబోయింది. చెయ్యి అడ్డం పెట్టి అడిగాను, ఇస్తావా అని.

"మా మావ రంగం నుంచి తెచ్చినాడు బాబూ. పాడైపోనాది, ఒగ్గీ" అంది.

రంగం అంటే రంగూన్. రేవు పనికీ, బియ్యం మిల్లులకీ మా తీరం నుంచి వేలమంది అక్కడికి వెళ్ళారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక చేతికందినవి పట్టుకుని తిరిగొచ్చారు. అందుకే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాత పెట్టెలు తెరిస్తే అక్కడి లక్కపిడతల పక్కన ఒక్కోసారి ఇలాంటి మడత కత్తి కూడా కనిపిస్తుంది. గడ్డం గీసుకునే కత్తి. వాడుకలో మంగలి కత్తి అంటాం. నేను ఇక్కడ క్షవరం కత్తి అని రాస్తాను.

ఇంటికి తెచ్చి, కిరసనాయిలులో తడిపిన గుడ్డతో కత్తి మెడ దగ్గర మెల్లగా రుద్దాను. పిడికీ అలుగుకీ (అంటే కోసే రేకుకీ) మధ్య సన్నబడిన భాగమే మెడ, తయారీదారు ముద్ర అక్కడే కొడతాడు. ఎర్రటి బురద కారింది. దాని కింద ముందు ఒక నక్షత్రం, పక్కనే మాల్టా శిలువ తేలాయి. షెఫీల్డులోని జోసెఫ్ రోడ్జర్స్ అండ్ సన్స్ కంపెనీ గుర్తు అది. వాటి కింద 'ఇంగ్లాండ్' అన్న మాట.

ఆ చివరి మాట చిన్నదే కానీ చాలా చెప్తుంది. అమెరికా 1890లో తెచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం, దిగుమతి సరుకు మీద అది ఏ దేశంలో తయారైందో రాయాలంది. మరుసటి ఏడు నుంచి షెఫీల్డు, జర్మనీలోని సోలింగెన్ కత్తుల మీద దేశం పేరు మామూలైపోయింది. కాబట్టి 'ఇంగ్లాండ్', 'జర్మనీ' అని ఉంటే ఆ కత్తి 1891 తరవాతిదని అనుకోవచ్చు. లేనంత మాత్రాన అంతకు ముందుదేనని తీర్మానించకూడదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. కిరీటం పక్కన 'వి.ఆర్.' ఉంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1837 నుంచి 1901 మధ్య. 'డబ్ల్యూ.ఆర్.' ఉంటే అంతకు ముందు ఏలిన నాలుగో విలియం కాలం.

'సిల్వర్ స్టీల్' అని చెక్కినవి కూడా దొరుకుతాయి. చూడగానే వెండి కలిసిందనుకుని ధర పెంచేస్తారు. దాని వెనక ఒక కథ ఉంది. లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్, శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కలిసి ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూసి 1820లో, 1822లో ఫలితాలు అచ్చు వేశారు. వాటిలో వెండి ఒకటి. ఆ పేరు జనానికి నచ్చింది. తరవాత మామూలు మంచి ఉక్కుకి కూడా అదే పేరు వాడేశారు. అంతకంటే నా మనసుకి దగ్గరైన సంగతి ఇంకోటి ఉంది. ఆ పరీక్షలకు వాళ్ళను పురిగొల్పింది మన దేశం నుంచి వెళ్ళిన 'వూట్జ్' ఉక్కు. 1795లో జార్జ్ పియర్సన్ దాని గురించి రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. ఆ 'వూట్జ్' మన దక్షిణాది 'ఉక్కు' అన్న మాటేనని పండితులు చెప్తారు. షెఫీల్డు ముద్ర ఉన్న కత్తిని శ్రీకాకుళంలో కూచుని తుడుస్తుంటే నాకు ఇది గుర్తు రాకుండా ఉండదు.

ఇక అసలు విషయం. పాత కత్తి చూపిస్తే అందరూ అడిగే మొదటి ప్రశ్న, "దీన్ని అద్దంలా మెరిపించొచ్చా?" అని. మెరిపించొచ్చు. కానీ మెరిపించే తొందరలోనే ఎక్కువ కత్తులు చస్తాయి. తుప్పు తినేసిన కత్తుల కంటే బాగుచేస్తామని పాడుచేసిన కత్తులే నేను ఎక్కువ చూశాను.

ఎందుకో తెలియాలంటే దీనికీ కూరగాయల చాకుకీ తేడా తెలియాలి. చాకు నూరేటప్పుడు ఎంత వాలుగా పట్టుకోవాలో మన చెయ్యి నిర్ణయిస్తుంది. క్షవరం కత్తికి ఆ బాధ లేదు. దాన్ని రాయి మీద బల్లపరుపుగా పడుకోబెడతాం. పైనున్న లావుపాటి వెన్ను, కిందనున్న అంచు రెండూ ఒకేసారి రాయిని తాకుతాయి. వాలు ఎంత ఉండాలన్నది కత్తి తన ఒంట్లోనే మోస్తుంది.

లెక్క వేసి చూడండి. ఈ కత్తుల వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెప్తారు. 5/8 అంటే దాదాపు 16 మి.మీ. వెన్ను మందం 4.7 మి.మీ. ఉంటే అంచు కోణం దాదాపు 17 డిగ్రీలు వస్తుంది. గడ్డానికి సరిపోయే కోణం అది. ఎవరో మెరుపు కోసం ఎమెరీ చక్రం మీద వెన్నును ఒక మిల్లీమీటరు అరగదీశారనుకోండి. కోణం 13 డిగ్రీల చిల్లరకు పడిపోతుంది. అంచు మరీ పలచనై రెండు గీతలకే చిట్లుతుంది. పద్ధతిగా రాయి మీద నూరితే ఈ ప్రమాదం ఉండదు. వెన్నూ అంచూ కలిసి అరుగుతాయి కాబట్టి యాభై ఏళ్ళు నూరినా వాలు దాదాపు అలాగే నిలుస్తుంది. పదును అంచులో కనిపిస్తుంది కానీ దాని మూలం వెన్నులో ఉంది. నేను చెప్పదలుచుకున్నదంతా ఇదే. మిగిలిన జాగ్రత్తలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఇంకోటి గట్టిదనం. విజయనగరంలో పాత ఇనుప సామాన్ల కొట్లో కొన్న నా మొదటి కత్తిని, తెలియక, చాకులు పదును పెట్టే ఒక చోట ఇచ్చాను. తిరిగే చక్రానికి ఆనించగానే నిప్పురవ్వలు చిమ్మాయి. నిమిషం కూడా పట్టలేదు, అంచు వెంబడి నెమలికంఠం రంగులో సన్నటి చార పడింది. చూడటానికి అందంగానే ఉంది. ఆ చార పడ్డ క్షణంలోనే ఆ కత్తి పోయింది.

ఈ ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారుస్తారు. అప్పుడది గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పెళుసు కూడా. ఆ పెళుసు తగ్గించడానికి మళ్ళీ కొద్దిగా వేడి చేస్తారు, సుమారు 200 డిగ్రీలకు అటూ ఇటూ. వేడి అంతకు మించితే ఉక్కు రంగు మార్చి హెచ్చరిస్తుంది. 220 దగ్గర ఎండుగడ్డి రంగు, 300 దగ్గరికి వచ్చేసరికి నీలం. నీలం కనిపించిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే. రంగును ఎమెరీతో చెరిపేయొచ్చు, పోయిన గట్టిదనం తిరిగి రాదు. అంచు వెంట్రుక కంటే సన్నం. అంత సన్నటి చోట వేడి ఒక్క సెకనులో ఎక్కుతుంది. అందుకే మోటారు చక్రం దీని దగ్గరికి రాకూడదు. అంతా చేత్తోనే.

కొనేటప్పుడు ఏం చూడాలి? కొట్లో వెలుతురు తక్కువగా ఉంటుంది, బయటికి తెచ్చుకోండి. మీద ఉన్న తుప్పును చూసి భయపడొద్దు. అంచును చూడండి. ఒంటి మీద గుంటలు పడితే మచ్చలుగా మిగులుతాయి, కత్తి పనిచేస్తుంది. గుంట అంచులోనే ఉంటే ఆ మేరకు కత్తిని అరగదీయాలి. పాతిక శాతం వెడల్పు పోతుందనిపిస్తే వదిలేయండి. తరవాత అంచు మీదికి గోరును అడ్డంగా మెల్లగా జరపండి, పగులుంటే తట్టుకుంటుంది. వెంట్రుకంత పగులు కనిపించినా ఆ కత్తి ముఖానికి పనికిరాదు, ఎంత పేరున్న కంపెనీ అయినా సరే. ఇంకోటి, అంచును ఒక స్కేలుకి ఆనించి చూడండి. మధ్యలో కొద్దిగా ముందుకు ఉబికి నవ్వుతున్నట్టుంటే ఫరవాలేదు. లోపలికి నొక్కుకుపోయి ఉంటే మాత్రం చాలా పని పడుతుంది.

ఇవన్నీ ఇనుప కొట్లకు ఎలా చేరాయంటే, 1990ల నుంచి హెచ్‌ఐవీ భయం పెరిగాక సెలూన్లన్నీ బ్లేడు మార్చుకునే కత్తులకు మళ్ళాయి. ఆ మార్పు మంచిదే, అవసరమైనదే. హెపటైటిస్ బి, సి కూడా నెత్తుటి చుక్క ద్వారానే పాకుతాయి. కానీ తండ్రి తాతల నుంచి పొదిలో వచ్చిన కత్తులు కిలోల లెక్కన తూకానికి వెళ్ళిపోయాయి.

అలుగు తరవాత పిడి. నన్నడిగితే ఇక్కడ జాగ్రత్త అలుగు కంటే ఎక్కువ కావాలి.

ఉద్దానం కత్తి పిడి తేనె రంగులో, తాబేటి చిప్పలా మచ్చలతో ఉంది. బొటనవేలితో గట్టిగా రుద్దాను. వేలు వేడెక్కాక ముక్కు దగ్గర పెట్టుకుంటే కర్పూరం వాసన. గుడిలో హారతి పళ్ళెం దగ్గర వచ్చే వాసనే, కాస్త పలచగా. అది తాబేటి చిప్ప కాదు, సెల్యులాయిడ్. నైట్రిక్ ఆమ్లంతో మార్చిన దూది పదార్థానికి కర్పూరం కలిపి 1870 ప్రాంతాల్లో అమెరికాలో హయత్ అనే ఆయన దాన్ని తయారుచేశాడు. దంతానికి, కొమ్ముకి, చిప్పకి చవక నకలు అది.

వాసన బాగుంది కదా అని మురిసిపోవద్దు. సెల్యులాయిడ్ ముసలిదైతే లోపల్నుంచి విడిపోవడం మొదలెడుతుంది. అప్పుడు వచ్చే ఆవిరిలో ఆమ్లం ఉంటుంది. ఆ ఆవిరి ముందు తన కత్తినే తినేస్తుంది, తరవాత అదే పెట్టెలో ఉన్న పక్క కత్తులను కూడా. పిడి రెక్కల మధ్య దాగే భాగంలోనే తుప్పు ఎక్కువగా ఉండి, బయట భాగం బాగుంటే అనుమానించాల్సింది దీన్నే. పిడి మీద సన్నటి పగుళ్ళు, జిగురు, ఘాటు వాసన వస్తే దాన్ని తీసేయడం తప్ప మార్గం లేదు. బాగా ఉన్నదాన్ని కూడా గాలి తగిలేలా విడిగా పెట్టాలి. ఇది చాలా త్వరగా అంటుకుంటుంది కాబట్టి, సూది కాల్చి గుచ్చి చూడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వేలితో రుద్దడం చాలు.

గేదె కొమ్ము పిడి అయితే వెలుతురుకి పెడితే లోపల చారలు కనిపిస్తాయి. ఎండిపోయి వంకర పోతుంది, పురుగు కూడా తొలుస్తుంది. కొన్ని రోజులు నూనె పట్టిస్తే తేరుకుంటుంది. నా చేతికొచ్చిన కొమ్ము పిడులు చాలావరకు అలాగే నిలిచాయి.

దంతం సంగతి వేరు. విశాఖపట్నంలో 18వ శతాబ్దంలో దంతం తాపడం పెట్టెలు చేసి దొరలకు అమ్మిన పనివాళ్ళు ఉండేవారు. కాబట్టి మన వైపు పాత ఇళ్ళల్లో దంతపు వస్తువులు కనిపించడం వింతేమీ కాదు. నరికిన కొసలో వలలాగా అడ్డదిడ్డంగా కలిసే సన్నటి గీతలు ఉంటే అది ఏనుగు దంతం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో, 1991లో చేసిన సవరణల తరవాత దంతం అమ్మడం, కొనడం నేరం. అసలు తాబేటి చిప్పకూ అంతే. ఎంత అందంగా ఉన్నా, కొట్టువాడు ఎంత తక్కువకి ఇస్తానన్నా నేను ముట్టుకోను. మీరూ ముట్టుకోవద్దు.

పిడి మార్చాల్సి వస్తే ముందు రివీటు తల ఆకురాయితో అరగదీసి, సన్నటి మేకుతో మెల్లగా అవతలికి తోయాలి. రెక్కల మధ్య తోక దగ్గర ఒక చిన్న చీలిక ముక్క ఉంటుంది. పాత ఇంగ్లీషు కత్తుల్లో అది తరచుగా సీసం, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. కొత్త రివీటుకి 1.6 మి.మీ. ఇత్తడి తీగ సరిపోతుంది. రూపాయి బిళ్ళలో పదోవంతు కూడా లేని వాషర్లు మాత్రం ఎక్కడా దొరకలేదు. ఇత్తడి, కంచు పనికి పేరుపడ్డ బుడితిలో ఒకాయన పాత రేకు ముక్క నుంచి ఎనిమిది కత్తిరించి ఇచ్చాడు. అంత చిన్న పని ఎవరికీ చెయ్యలేదంటూనే ఒక్కోదాన్నీ వెలుతురుకి పెట్టి చూసి మరీ ఇచ్చాడు. కొత్త రెక్కలకు చెక్క పనస. బొబ్బిలి వీణలు చెక్కేది ఆ చెక్కతోనే, అక్కడ తీసేసిన ముక్కల్లోంచి నాకు అరచెయ్యంత ముక్క దొరికింది. పచ్చగా మొదలై ఏళ్ళు గడిచేకొద్దీ తేనె రంగులోకి దిగుతుంది. చెక్క తడి పీలుస్తుంది కాబట్టి లిన్సీడ్ నూనె నాలుగైదు పూతలు వెయ్యాలి, పూతకీ పూతకీ మధ్య ఒకటి రెండు రోజులు ఆగాలి.

తుప్పు తియ్యడం గురించి చెప్పేది తక్కువ. కిరసనాయిలులో ఒక రాత్రి నాననిచ్చి, ఊడేదంతా గుడ్డతో తుడవండి. తరవాత కార్లకు పెయింటు వేసేవాళ్ళు వాడే వాటర్ పేపర్, 600 నుంచి మొదలుపెట్టి 1000, 2000 (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). ఎప్పుడూ వెన్ను నుంచి అంచు వైపుకే రుద్దాలి, అంచుకి ఎదురుగా వెళ్తే వేలు తెగుతుంది. వెన్ను మీద మాత్రం పేపరు ఆనించకండి. ఎర్ర తుప్పు పోయాక నల్లటి మచ్చలు మిగులుతాయి. అవి కొత్తగా తినవు, పైగా కొంత కాపాడతాయి. వాటిని వదిలేయడం నేర్చుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ముద్ర ఉన్న చోట, చెక్కిన అక్షరాల మీద అసలు పేపరు పెట్టకండి, ఆ కత్తి ఎక్కడిదో చెప్పేది అదొక్కటే.

నూరడం నేను నేర్చుకున్నది ఒక పెద్దాయన దగ్గర. నాయీబ్రాహ్మణ వృత్తిలో యాభై ఏళ్ళు గడిపి, కళ్ళు మసకబారాక మానేశారు. నేను తాతా అని పిలుస్తాను. రాయి మొదట చదునుగా ఉండాలి. దానికి టెక్కలి గ్రానైటు పలక మీద వాటర్ పేపరు పరిచి, రాయిని బోర్లించి రుద్దుతాను. మా జిల్లాలో గ్రానైటు ముక్కకి కొదవ లేదు. తరవాత 1000 నంబరు రాయి మీద అంచుకి వాలు తెచ్చుకోవాలి. ఎక్కువ సమయం తినేది ఇదే, ఇది కుదరకపోతే తరవాతి రాళ్ళన్నీ దండగ. ముంజేతి మీద వెంట్రుకలు ఈ రాయి మీదనుంచే తెగాలి, మడమ (పిడి వైపు చివర) నుంచి కొస దాకా అన్ని చోట్లా. ఆ తరవాతే 4000, 8000, వీలుంటే 12000.

నేను ఒక చేత్తో కత్తిని అదిమి నూరుతుంటే తాత నా మణికట్టు పట్టుకుని పైకి లేపారు.

"బరువెట్టకు బాబూ. కత్తి బరువు కత్తికి సాలు" అన్నారు. కాసేపాగి, "మెరుపు సూడకు. సప్పుడు ఇను."

విన్నాను. మొదట్లో గరగరమని, ఇసుక మీద నడిచినట్టు ఉంటుంది. వాలు కుదిరేకొద్దీ ఆ గరగర సన్నగిల్లి, కత్తి తడి రాయికి అతుక్కుని జారుతున్నట్టు ఉంటుంది. నీళ్ళు అంచు ముందర సన్నటి అలలాగా లేచి పైకి ఎక్కుతాయి. కొస నుంచి మడమ దాకా ఆ అల ఒకేలా లేస్తే అంచు అంతా రాయిని తాకుతున్నట్టు. ఎక్కడ తెగితే అక్కడ ఇంకా పని ఉంది. కళ్ళు కనపడని ఆయన ఇదంతా చెవితోనే చెప్పేస్తుంటే నేను వంగి చూసి అవునని ఒప్పుకునేవాణ్ణి.

చివర తోలు పట్టా. అక్కడ దిశ తిరగబడుతుంది, వెన్ను ముందు వెళ్ళాలి, అంచు వెనక రావాలి. తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించాలి. పట్టా బిగువుగా లేకపోతే అంచు గుండ్రమైపోతుంది, గంటల పని నిమిషంలో పోతుంది. 50, 60 సార్లు చాలు.

బాగుచేసిన కత్తి ఎంత పాతదైనా ముఖానికి పెట్టే ముందు కడిగి, స్పిరిట్‌లో ముంచి, ఒక్కరే వాడుకోవాలి. ఇంట్లో నాన్నకీ కొడుక్కీ కూడా పంచుకునేది కాదు ఇది. పాత సేఫ్టీ రేజర్ల పని చాలా సులువు. కింగ్ జిలెట్‌కు 1904లో పేటెంటు వచ్చిన ఆ నమూనా ఎక్కువగా ఇత్తడి మీద నికెల్ పూత. గోరువెచ్చటి సబ్బు నీళ్ళు, పాత టూత్ బ్రష్ చాలు. బ్రాసోతో గట్టిగా తోమితే పూత పోయి కింద పసుపు తేలుతుంది. పాత బ్రష్ దొరికితే పిడి ఉంచుకుని వెంట్రుకలు పారేయండి. మొదటి ప్రపంచ యుద్ధంలో గుర్రపు వెంట్రుకల చవక బ్రష్‌ల నుంచి సైనికులకు ఆంత్రాక్స్ సోకింది. పాత వెంట్రుకలను నమ్మడానికి లేదు.

మన ఉప్పుగాలిలో దాచడం కూడా ఒక పనే. వాడాక బాగా ఆరబెట్టి, కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క అలుగంతా పామాలి. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దు. తోలు సంచిలో పెట్టొద్దు, తోలు తడి పట్టి ఉంచుతుంది.

ఉద్దానం కత్తికి నాకు నాలుగు నెలలు పట్టింది. సెల్యులాయిడ్ పిడి పగిలిపోవడం మొదలైంది కాబట్టి తీసేసి పనస రెక్కలు పెట్టాను. అలుగు మీద నల్ల మచ్చలు అలాగే ఉన్నాయి. తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ దాన్ని తెరిచి, అంచు వైపు చూడకుండా నక్షత్రం గుర్తు మీద వేలు పెట్టింది. వరండా వైపు తిరిగి తలాడించింది. తుఫానుకి పైకప్పు లేచిపోయి కొత్త రేకులు వేశారు కానీ గుంజలు పాతవే.

"ఆ గుంజకే తోలు కట్టీవోడు మా మావ, పొద్దున్నే" అంది.

దగ్గరికెళ్ళి చూశాను. నడుం ఎత్తున, రెండు సున్నాలు పూసినా కనపడుతూ, ఒక మేకు ఉంది. దాని తల ఒకే పక్కకి అరిగిపోయి ఉంది.